సీసా మీద 3000, లోపల 600: సీబీడీ నూనెను పాలచీటీలా చదవడం

ఉగాది అయిన పదిరోజులకు ఓ పొద్దున అక్క ఫోన్ చేసింది. "ఒకసారి ఇంటికి రా. అమ్మ తొమ్మిదైనా లేవలా. లేపితే తల తిరగతా ఉండాది అంటుంది. గోడ పట్టుకుని నడస్తా ఉంది" అంది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. తిరుపతిలో మా వీధికి రెండు వీధుల అవతల ఉంటుంది. పలమనేరు దగ్గర పల్లెలో ఒంటరిగా ఉండే పెద్దమ్మ, మోకాళ్లు బాగా అరిగిపోయినాక కూతురింటికి వచ్చేసింది.

నేను పోయేసరికి పెద్దమ్మ మంచం మీద కూచుని మజ్జిగ తాగుతోంది. కళ్లు బరువుగా ఉన్నాయి, మాట కొంచెం సాగుతోంది. మంచం పక్క స్టూలు మీద మాత్రల డబ్బా, దాని పక్కన ముదురు గోధుమరంగు గాజుసీసా. మూతకు రబ్బరు బుడ్డ ఉండే డ్రాపర్. బెంగళూరులో ఉద్యోగం చేసే మనవడు జేజికి ప్రేమతో తెప్పించి పంపినాడు. "మోకాళ్లకు మంచిదంట. గంజాయి కాదు జేజీ, సీబీడీ, మత్తు ఉండదు అన్నాడు" అని చెప్పింది. సీబీడీ అంటే గంజాయి మొక్కలో ఉండే రసాయనాల్లో ఒకటి. పెద్దమ్మ నాలుగు రోజులు అర డ్రాపర్ వేసుకుంది. ఏమీ తెలియలేదు. ముందురోజు రాత్రి నెయ్యేసుకుని పప్పన్నం తిన్నాక ఒక నిండు డ్రాపర్, గంటన్నర చూసి నిద్ర పట్టలేదని ఇంకో నిండు డ్రాపర్ వేసుకుంది.

లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో 3000 మి.గ్రా. అని ఉంది. కింద చిన్నగా విజయా పత్ర సారం, 30 మి.లీ. ధర 3,000 రూపాయలు. మిల్లీగ్రాముకు ఒక రూపాయి, చవకే అనిపిస్తుంది. నేను చిత్తూరు జిల్లాలో ఓ డెయిరీ ల్యాబులో పదకొండేళ్లు పనిచేసినవాణ్ణి. ఒక అంకె చూపించి ధర చెప్పితే, ఆ అంకె దేనిదని అడగడం నాకు అలవాటైపోయింది. మా నాయన కాలం నుంచీ పల్లెలో పాలకేంద్రానికి పాలు పోసేవాళ్లందరికీ తెలిసిన సంగతే: డబ్బు పడేది లీటరుకు కాదు, ఆ లీటరులో ఉండే వెన్నకు, వెన్న పోగా మిగిలే ఘనపదార్థానికి, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్‌కు. రెండు క్యాన్లూ పైకి తెల్లగానే ఉంటాయి. చీటీ మీద ఒకటి 3.1 వస్తుంది, ఇంకొకటి 4.4 వస్తుంది. సీబీడీ సీసాకు కూడా అట్లాంటి చీటీ ఒకటి ఉంటుంది. దాన్ని అడిగి తెప్పించుకుని చదవడం కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. అది చదవడం ఎట్లాగో, చదివితే మోతాదు, ధర రెండూ ఎట్లా మారిపోతాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు పేర్ల చిక్కు

సీబీడీని హెంప్ నుంచి తీస్తారని చెబుతారు. ఆ హెంప్ అనే మాటకు మన నిఘంటువుల్లో జనపనార అనో, గోగునార అనో, జనుము అనో కనిపిస్తుంది. ఈ మూడింటికీ సీబీడీతో సంబంధం లేదు. జనుము మన రైతులు పచ్చిరొట్ట కోసం చల్లే పప్పుజాతి మొక్క. ఇంగ్లీషువాళ్లు దాన్ని సన్ హెంప్ అన్నారు. గోగును దక్కన్ హెంప్ అన్నారు. దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్, ఆకు గంజాయి ఆకులా చీలి ఉంటుందని ఆ పేరు. జనపనార వేరే మొక్క, గోనెసంచులది. నార ఇచ్చే ప్రతిదానికీ హెంప్ అని పేరు పెట్టడంతో వచ్చిన గందరగోళం ఇది. సీబీడీ కథలో హెంప్ అంటే కన్నాబిస్ సటైవా, అచ్చంగా గంజాయి మొక్కే. జాతి ఒకటే.

తేడా లోపలి రసాయనాల్లో ఉంది. మత్తెక్కించేది టీహెచ్‌సీ. సీబీడీ మత్తెక్కించదు. సీబీడీని 1940లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రోజర్ ఆడమ్స్ బృందం వేరుచేసింది. దాని నిర్మాణం ఎట్లా ఉంటుందో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెచూలం 1963లో తేల్చాడు, మరుసటి ఏడాది టీహెచ్‌సీ సంగతీ తేల్చాడు. అమెరికా 2018 వ్యవసాయ చట్టంలో ఒక గీత గీసింది: ఎండు బరువులో టీహెచ్‌సీ 0.3 శాతం మించకపోతే అది హెంప్, మించితే గంజాయి.

మన చట్టం ఆ గీత గీయలేదు. ఇది చాలామంది గమనించని విషయం. మత్తుపదార్థాలను అదుపుచేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం శాతాలు లెక్కపెట్టదు, మొక్కలో ఏ భాగమన్నది చూస్తుంది. పూత, కాయ ఉండే కొమ్మ చివర్లు గంజాయి. వాటినుంచి కారే జిగురు, దాన్ని చిక్కబరిచి తీసిన నూనె చరస్. పూతకొమ్మతో కలవకుండా విడిగా ఉన్న ఆకు, గింజ మాత్రం ఆ నిర్వచనంలోకి రావు. మన దేశంలో ఈ సరుకంతా ఆ ఒక్క సందులోంచే నడుస్తోంది. అందుకే లేబుల్ మీద ఆకు అని అర్థం వచ్చేలా 'పత్ర' అన్న మాట తప్పకుండా ఉంటుంది. విజయ అన్నది ఆయుర్వేదంలో ఈ మొక్క పేరు. జాతీఫలాది చూర్ణంలాంటి యోగాల్లో భంగు, అంటే ఈ మొక్క ఆకు, పడుతుంది. ఆకును శుద్ధి చేసే పద్ధతుల్లో కడిగి ఆరబెట్టి ఆవునేతిలో వేయించడం ఒకటి. ఈ పదార్థాలు నీటిలో కరగవు, కొవ్వులోనే కరుగుతాయని పాతవాళ్లకు చేతిపనిలోనే తెలిసివుండాలి.

గింజ సంగతి వేరు. గింజలో సీబీడీ దాదాపు ఉండదు, పొట్టుకు అంటుకున్న జిగురు చుక్క తప్ప. గింజనూనె మంచి వంటనూనె లాంటిది, అంతే. 2021లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హెంప్ గింజనూ, గింజనూనెనూ, పిండినీ ఆహారంగా ఒప్పుకుంది. నూనెలో టీహెచ్‌సీ కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. అది తినే సరుకు. ఆకు సారంతో చేసింది మందు, ఆయుష్ లైసెన్సు కింద తయారవుతుంది. ఔషధ నియమాల్లోని ఈ-1 షెడ్యూలులో విషగుణం ఉన్న మూలికల జాబితా ఉంది. అందులో వత్సనాభి, ఉమ్మెత్త, నల్లజీడి గింజల సరసనే భంగు కూడా ఉంది. ఆ జాబితాలోని మూలిక పడితే 'వైద్యుల పర్యవేక్షణలో వాడవలెను' అని లేబుల్ మీద హెచ్చరిక ఉండాలి. పెద్దమ్మ సీసా మీదా ఉంది, అడుగున, చీమంత అక్షరాల్లో.

ఆకు నుంచి సీసా దాకా

పచ్చి మొక్కలో సీబీడీ సీబీడీగా ఉండదు, సీబీడీఏ అనే ఆమ్లరూపంలో ఉంటుంది. ఎండబెట్టిన ఆకును 110, 120 డిగ్రీల దగ్గర గంట ప్రాంతం వేడిచేస్తే కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి సీబీడీ మిగులుతుంది. ఊడిన దాని బరువు తగ్గుతుంది కాబట్టి, 100 గ్రాముల సీబీడీఏ నుంచి 87.7 గ్రాముల సీబీడీయే వస్తుంది. ఈ 0.877 అనే గుణకం ల్యాబు చీటీలో మళ్లీ కనిపిస్తుంది, గుర్తుపెట్టుకోండి.

తర్వాత సారం తీయాలి. దీనికి రెండు ప్రధాన దారులు. ఒకటి స్పిరిట్, అంటే ఇథనాల్. చల్లటి స్పిరిట్‌లో ఆకును నానబెట్టి పిండితే సీబీడీతో పాటు ఆకుపచ్చ రంగు, మైనం, అన్నీ దిగుతాయి. రెండోది కార్బన్ డయాక్సైడ్. మామూలు వాయువే, కానీ 31 డిగ్రీలు దాటి, వాతావరణ పీడనానికి 73 రెట్లకు పైగా ఒత్తిడి పెడితే అది వాయువూ కాదు, ద్రవమూ కాదు అన్నట్టుగా మారుతుంది. వాయువులా సందుసందునా దూరుతుంది, ద్రవంలా కరిగించుకుంటుంది. పని అయ్యాక ఒత్తిడి తీసేస్తే ఎగిరిపోతుంది, సరుకులో ఆనవాలు మిగలదు. యంత్రం మాత్రం చాలా ఖరీదు. స్పిరిట్ పద్ధతి చవక, కానీ స్పిరిట్‌ను పూర్తిగా తోలేయాలి. బెల్లం గానుగ దగ్గర చెరకురసాన్ని పెనం మీద మరగబెట్టి పాకం తీయడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అదే సూత్రం. కాకపోతే మంట పెట్టరు, గాలి తీసేసిన గాజుబుడ్డిలో తక్కువ వేడికే స్పిరిట్ ఆవిరయ్యేలా చేసి పట్టుకుంటారు.

ఇలా దిగింది నల్లగా, జిగురుగా ఉంటుంది. దాన్ని మళ్లీ స్పిరిట్‌లో కలిపి మైనస్ 20 డిగ్రీలకో అంతకన్నా కిందికో చల్లబరుస్తారు. మైనం గడ్డకట్టి అడుగుకు దిగుతుంది, వడపోస్తారు. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టే. ఆ తర్వాత ఏం చేస్తారన్నదాన్ని బట్టి సరుకు పేరు మారుతుంది. ఇంతటితో ఆపి నూనెలో కలిపితే ఫుల్ స్పెక్ట్రమ్. అంటే మొక్కలో ఉన్నవన్నీ, టీహెచ్‌సీతో సహా. టీహెచ్‌సీని వేరుచేసి తీసేస్తే బ్రాడ్ స్పెక్ట్రమ్. స్వేదనం చేసి, స్ఫటికాలుగా పెరగనిచ్చి తెల్లటి పొడి తీస్తే ఐసోలేట్, దాదాపు అచ్చమైన సీబీడీ.

చివరికి పల్చబరిచే నూనె. కొబ్బరినూనె నుంచి తీసిన ఎంసీటీ నూనె, హెంప్ గింజనూనె, నువ్వులనూనె, ఏదైనా కావచ్చు. అమెరికా 2018 జూన్‌లో అనుమతి ఇచ్చిన ఎపిడియోలెక్స్ అనే మూర్ఛ మందులో ఈ నూనె మన నువ్వులనూనే. ఒక మి.లీ.లో కచ్చితంగా 100 మి.గ్రా. సీబీడీ.

రుజువు కాగితం

పెద్దమ్మకు ప్రమాదమేమీ లేదని డాక్టరు చూసి చెప్పాక, నేను సీసా మీది నంబరుకు ఫోన్ చేసి ఆ బ్యాచ్ పరీక్ష నివేదిక అడిగాను. రెండు రోజులకు వచ్చింది. ఇవ్వం అనే సంస్థలూ ఉంటాయి. నన్నడిగితే నివేదిక ఇవ్వని సీసా ఎంత చవకైనా కొనకూడదు.

కాగితం మీద మొదట చూడాల్సింది బ్యాచ్ నంబరు. సీసా మీదిదీ, కాగితం మీదిదీ ఒకటే కావాలి. తర్వాత పద్ధతి. హెచ్‌పీఎల్‌సీ అని ఉంటే మంచిది, అది సరుకును వేడిచేయకుండా కొలిచే పద్ధతి. గ్యాస్ క్రోమటోగ్రఫీలో సరుకును వేడిచేస్తారు, ఆ వేడికే సీబీడీఏ సీబీడీగా మారిపోతుంది, ఏది ఎంత ఉండేదో తెలియకుండా పోతుంది. ఆ తర్వాత అంకెలు. మా సీసా కాగితంలో సీబీడీ గ్రాముకు 21.3 మి.గ్రా., మొత్తం టీహెచ్‌సీ గ్రాముకు 9.9 మి.గ్రా. ఉన్నాయి. 'మొత్తం' అంటే టీహెచ్‌సీకి, దాని ఆమ్లరూపాన్ని 0.877తో గుణించి కలిపింది.

ఇక్కడొక చిన్న మెలిక. సీసా మి.లీ.లలో, కాగితం గ్రాములలో. పాలు నీళ్ల కంటే బరువని డెయిరీలో పనిచేసినవాళ్లకు తెలుసు. నూనె నీళ్ల కంటే తేలిక. ఎంసీటీ నూనె ఒక మి.లీ. దాదాపు 0.94 గ్రాములు. అంటే 30 మి.లీ. సీసాలో ఉన్నది 28.2 గ్రాములు. దాన్ని 21.3తో గుణిస్తే 600. ఈ సీసాలో సీబీడీ 600 మి.గ్రా. లేబుల్ మీది 3000 ఆకు సారం బరువు. అందులో అయిదో వంతు సీబీడీ. అదే లెక్కన టీహెచ్‌సీ 279 మి.గ్రా. మిగతా 2,100 పైచిలుకు ఆకులోని జిగురు, రంగు, ఇతర పదార్థాలు.

లేబుల్ మీద అబద్ధం లేదు. సారం 3000 అన్నారు, ఉంది. కానీ క్యాను బరువు చూపించి వెన్న అనుకునేలా చేసినట్టయింది.

డ్రాపర్ నిండుగా తీస్తే 1 మి.లీ. అందులో సీబీడీ 20, టీహెచ్‌సీ 9.3 మి.గ్రా. పెద్దమ్మ ఆ రాత్రి వేసుకున్నది రెండు. 18 మి.గ్రా. దాటిన టీహెచ్‌సీ. అమెరికా మత్తుపదార్థాల పరిశోధన సంస్థ 2021లో ఒక ప్రామాణిక కొలత పెట్టింది, ఒక యూనిట్ అంటే 5 మి.గ్రా. టీహెచ్‌సీ. డెబ్భై నాలుగేళ్ల మనిషి, జన్మలో భంగు ముట్టనిది, మూడున్నర యూనిట్లకు పైగా మింగి పడుకుంది. మనవడు చెప్పిన మాట సీబీడీ వరకు నిజమే. సీసాలో ఉన్నది సీబీడీ ఒక్కటే కాదు. బాత్రూము గడప దగ్గర పడి తుంటి ఎముక విరిగివుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడదడలాడుతుంది.

కాగితంలో ఇంకో రెండు పేజీలు ఉండాలి. సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ ఒకటి. పురుగుమందులు, మిగిలిపోయిన స్పిరిట్ ఇంకొకటి. ఈ మొక్క నేలలోని భారలోహాలను బాగా లాక్కుంటుంది. చెర్నోబిల్ దగ్గర నేలను శుభ్రం చేయడానికి దీన్నే నాటి చూశారు. నేలను శుభ్రంచేసే గుణం ఉన్న మొక్క నుంచి మందు తీస్తున్నప్పుడు, ఏ నేలలో పెరిగిందన్న ప్రశ్నను పక్కన పెట్టడానికి వీల్లేదు.

లేబుల్‌ను నమ్మేస్తే సరిపోదా అంటే, అమెరికాలో 2017లో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకులను పరీక్షించి వైద్యపత్రిక జామాలో ప్రచురించారు. లేబుల్‌కు తగ్గట్టు ఉన్నవి 31 శాతమే. 26 శాతంలో చెప్పినదానికన్నా తక్కువ, మిగతావాటిలో ఎక్కువ. 18 సరుకుల్లో టీహెచ్‌సీ దొరికింది. మూర్ఛ పిల్లల కోసం వీటిని కొనే తల్లిదండ్రులు అప్పటికే ఉన్నారు.

ఎంత వేసుకోవాలి

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. చిక్కు కూడా అన్నిటికన్నా ఎక్కువగా ఇక్కడే ఉంది.

నోటితో తీసుకున్న సీబీడీలో రక్తంలోకి చేరేది వందకు ఆరు వంతుల ప్రాంతం. మిగతాది కాలేయం మొదటి దాటుడులోనే విరిచేస్తుంది. కొవ్వు ఎక్కువున్న భోజనంతో తీసుకుంటే చేరేది సుమారు నాలుగు రెట్లవుతుంది. అంటే ఒకే డ్రాపర్, ఖాళీ కడుపున ఒక మోతాదు, నెయ్యి పప్పన్నం తర్వాత ఇంకో మోతాదు. నాలుక కింద పెట్టుకుంటే నేరుగా ఎక్కుతుందని సీసాల మీద రాస్తారు. నూనె నోట్లో ఎంతసేపు నిలుస్తుంది? చాలావరకు గొంతులోకి జారిపోతుంది. పైగా మింగింది పనిచేయడానికి గంట నుంచి మూడు గంటలు పట్టవచ్చు. పెద్దమ్మ గంటన్నర చూసి రెండోది వేసుకుంది. మొదటిది అప్పటికింకా ఎక్కుతూనే ఉంది.

పరిశోధనల్లో వాడిన మోతాదులు చూడండి. ఎపిడియోలెక్స్‌ను డ్రావే, లెనాక్స్ గ్యాస్టో అనే తీవ్రమైన బాల్య మూర్ఛలకు ఇస్తారు. కిలో బరువుకు రోజుకు 5 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం తర్వాత 10కి, అవసరమైతే 20 దాకా పెంచుతారు. 20 కిలోల పిల్లవాడికి అది రోజుకు 100తో మొదలై 200, 400. అంత మోతాదులో కాలేయపు ఎంజైములు పెరుగుతాయి కాబట్టి రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు. సభలో మాట్లాడాలంటే కలిగే బెదురు మీద బ్రెజిల్‌లో 2019లో వచ్చిన ప్రయోగంలో 150, 300, 600 మి.గ్రా. ఇచ్చి చూశారు. 300 పనిచేసింది. 150 పనిచేయలేదు, 600 కూడా పనిచేయలేదు. ఎక్కువ వేస్తే ఎక్కువ గుణం అన్న లెక్క ఇక్కడ చెల్లలేదు.

ఇంకోవైపు, బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఆహారంగా తీసుకునే సీబీడీకి 2020లో రోజుకు 70 మి.గ్రా. హద్దు చెప్పి, 2023 అక్టోబరులో దాన్ని 10కి దించింది. దీర్ఘకాలం వాడితే కాలేయానికీ, థైరాయిడ్‌కూ చేటు కావచ్చని.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. గుణం కనిపించిన ప్రయోగాల్లో వందల మిల్లీగ్రాములు. వైద్యుడు లేకుండా రోజూ తీసుకోదగినదని చెప్పిన హద్దు 10. బజారు సీసాలు చెప్పే 20, 30, 40 ఈ రెండింటి మధ్య ఎటూ కానిచోట నిలబడ్డాయి.

మోకాళ్ల సంగతి విడిగా చెప్పాలి, మన ఇళ్లలో ఎక్కువమంది కొనేది దానికే. డెన్మార్క్‌లో 2021లో చేతివేళ్ల కీళ్లరుగుదల, సొరియాటిక్ ఆర్థ్రైటిస్ ఉన్నవాళ్లకు 12 వారాలు రోజుకు 20 నుంచి 30 మి.గ్రా. ఇచ్చి చూశారు. ఉత్త మాత్ర మింగినవాళ్లకూ వీళ్లకూ నొప్పిలో తేడా లేదు. మోతాదు చాలలేదేమో అనుకుంటే, వియన్నాలో మోకీళ్లు అరిగిన 86 మందికి పారాసిటమాల్‌తో పాటు రోజుకు 600 మి.గ్రా. చొప్పున 8 వారాలు ఇచ్చిన ప్రయోగం 2023లో వచ్చింది. అక్కడా తేడా కనిపించలేదు. పెద్దమ్మ మోకాలికి అది మందు అని చెప్పే ఆధారం నాకు దొరకలేదు. సీబీడీ అంతా వట్టిదని కాదు. ఆ పిల్లల మూర్ఛల విషయంలో అది నిజంగా పనిచేసే మందు. అంత గట్టి రుజువు ఒక జబ్బుకు ఉంటే, ఆ పేరు చెప్పి ఇంకో ఇరవై జబ్బులకు అమ్మడం మీదే నా అభ్యంతరం.

మాత్రల డబ్బా

స్టూలు మీది మాత్రల డబ్బా గురించి ఇంకా చెప్పలేదు. పెద్దమ్మకు ఎనిమిదేళ్ల కిందట గుండె వాల్వు మార్చారు. అప్పటినుంచి రక్తం పల్చబడే మాత్ర, వార్ఫరిన్, రోజూ వేసుకుంటుంది. నెలకోసారి ఐఎన్ఆర్ చూపించుకుంటుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే అంకె అది, పెరిగితే రక్తం ఇంకా పల్చబడినట్టు.

వార్ఫరిన్‌ను కాలేయంలో విరిచే ఎంజైములను సీబీడీ అడ్డుకుంటుంది. దాంతో మాత్ర అదే అయినా ఒంట్లో దాని బలం పెరుగుతుంది. 2018లో ఒక వైద్యపత్రికలో వచ్చిన రోగి కథలో, సీబీడీ మొదలుపెట్టాక వార్ఫరిన్‌ను 30 శాతం దాకా తగ్గించాల్సి వచ్చింది. పెద్దమ్మ ఐఎన్ఆర్ ముందు నెల 2.7. ఆ రోజు 3.6. నూనె వల్లే అని డాక్టరు ఒట్టేసి చెప్పలేదు. కానీ సీసా ఆపించి, పదిరోజుల తర్వాత మళ్లీ చూస్తామన్నారు. మూర్ఛకు వాడే క్లోబజామ్, అవయవ మార్పిడి అయినవాళ్లు వాడే టాక్రోలిమస్, ఇట్లాంటివాటితోనూ సీబీడీకి పొసగదు.

మందు రాయించుకోకుండా ఈ సీసా రాలేదు. అమ్మేవాళ్ల తరఫు వైద్యుడొకరు ఫోన్ చేసి మాట్లాడినారు. ఫోన్ ఎత్తింది మనవడు. జేజి ఏ మాత్రలు వేసుకుంటుందని వాళ్లడగలేదు, వాడికి చెప్పాలని తోచలేదు. తిరుపతిలో టీటీడీ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. మనిషిని కూచోబెట్టి నాడి చూసి, వేసుకునే మాత్రలన్నీ చూపించమని అడిగే వైద్యులున్నారు. ఈ-1 జాబితా మూలిక పడిన మందుకు వైద్య పర్యవేక్షణ అంటే అది. నాలుగు నిమిషాల ఫోన్ కాదు.

ధర

ఇక డబ్బు లెక్క. 3,000 రూపాయల సీసాలో సీబీడీ 600 మి.గ్రా. అంటే మిల్లీగ్రాము 5 రూపాయలు. లేబుల్ చూస్తే ఒక రూపాయి అనిపించింది.

పోల్చడానికి ఊహగా రెండు సీసాలు అనుకుందాం. ఒకటి 10 మి.లీ., నివేదిక ప్రకారం సీబీడీ 500, ధర 1,500. చిన్న సీసా, కానీ మిల్లీగ్రాము 3 రూపాయలే. ఇంకొకటి హెంప్ గింజనూనె, 30 మి.లీ., మీద 28,000 మి.గ్రా. అని ఉంది, ధర 900. మిల్లీగ్రాము మూడు పైసలు! ఆ 28,000 ఏమిటి? 28 గ్రాములు. సీసాలోని నూనె బరువే. చెంబెడు నీళ్ల బరువు మిల్లీగ్రాముల్లో రాస్తే అదీ లక్షల్లోనే ఉంటుంది. ఆన్‌లైన్ అంగళ్లలో 20,000, 50,000 అని మెరిసే సీసాలు చాలావరకు ఈ లెక్కవే.

అసలు సరుకు ఎందుకు ఖరీదంటే, ఆకులో సీబీడీ తక్కువ. వందకు ఒక వంతు ఉన్న ఎండాకు అయితే, నష్టం ఏమీ లేదనుకున్నా 600 మి.గ్రా. తీయడానికి 60 గ్రాములు కావాలి. పది వంతులుండే పూత అయితే 6 గ్రాములు చాలు. అమెరికా, యూరప్‌లో పూత నుంచి తీస్తారు. మన చట్టంలో పూత గంజాయి కిందికి వస్తుంది. ఉత్తరాఖండ్ 2018లో 0.3 శాతం హద్దుతో హెంప్ సాగుకు లైసెన్సులు మొదలుపెట్టినా, అది నార, గింజల దారి. కాబట్టి మన దగ్గర ఎక్కువ ఆకు, ఎక్కువ స్పిరిట్, ఎక్కువ వడపోత. దాని మీద ఒక్కో బ్యాచ్‌కు పరీక్షల ఖర్చు, లైసెన్సు, వైద్యుడి ఫోన్, ప్రకటనలు.

అయినా ముడిసరుకు ధర సీసా ధరను పూర్తిగా చెప్పదు. 2018 చట్టం తర్వాత అమెరికాలో రైతులు ఎగబడి హెంప్ వేశారు. 2019 పంట చేతికొచ్చేసరికి కొనేవాళ్లు లేక ధర కుప్పకూలింది. మదనపల్లె మార్కెట్లో టమోటా రోడ్డు మీద పారబోసిన సంవత్సరాలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. సీబీడీ పొడి టోకు ధర ఎన్నో రెట్లు పడిపోయింది. అంగట్లో సీసా ధర ఆ మేరకు దిగలేదు. టమోటా కిలో రెండు రూపాయలున్నప్పుడు సాస్ సీసా ధర దిగిందా?

రోజు లెక్క కూడా వేయండి. మిల్లీగ్రాము 5 రూపాయలైతే, రోజుకు 10 మి.గ్రా. అంటే నెలకు 1,500. ప్రయోగాల్లో చూసిన 300 కావాలంటే రోజుకే 1,500. సీసా రెండు రోజులు.

ఇంటి గడప దాటితే

మూడు మాటలు త్వరగా చెప్పేస్తాను. సొంతంగా ఆకు తెచ్చి నూనె కాయడం నేరం కిందికి పోతుంది. ఆకు కేంద్ర నిర్వచనంలో లేకపోయినా రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల అదుపులో ఉంటుంది. ఇది లైసెన్సు ఉన్నవాళ్లు చేసే పని. రెండోది, టీహెచ్‌సీ ఉన్న నూనె వేసుకుని బండి నడపకూడదు. ఘాట్ రోడ్డు మీద రోజుకు రెండు మూడు ట్రిప్పులు వేసే డ్రైవర్లు నడుంనొప్పికి దీన్ని వాడుతున్నామని చెప్పగా విన్నాను కాబట్టి మరీ మరీ చెబుతున్నా.

మూడోది గల్ఫ్. మన మదనపల్లె, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కో దుబాయికో పోయేవాళ్లు లేని ఊరుందా? ఇక్కడ బిల్లు, చీటీ అన్నీ ఉన్న సీసా అక్కడి విమానాశ్రయంలో మత్తుమందు అవుతుంది. అక్కడి చట్టం మన ఆయుష్ లైసెన్సును చూడదు. అమ్మ మోకాళ్లకని ఇక్కడినుంచి పంపినా, కొడుకు నడుముకని పెట్టెలో పెట్టినా అంతే. పెట్టె సర్దే రోజే ఇంట్లోవాళ్లు గట్టిగా అడ్డుపడాలి.

పదిరోజుల తర్వాత పెద్దమ్మ ఐఎన్ఆర్ 2.8కి దిగింది. మోకాళ్లకు ఫిజియోథెరపీ మొదలుపెట్టించాం. కుర్చీలో కూచుని కాలు చాపి పది లెక్కపెట్టే వ్యాయామం పొద్దునా సాయంత్రం చేస్తోంది. మనవడు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. నేను వాడికి ఆ నివేదిక పంపి, వాడితోనే లెక్క వేయించాను. 28.2 ఇంటూ 21.3 ఎంతరా అని.

సీసాను అక్క పారేయనివ్వలేదు. మిగిలిన ఇరవై మి.లీ. చిల్లర నూనెతో బీరువా పైఅరలో ఉంది. దాని మీద తెల్లకాగితం ముక్క అంటించాను, పాలకేంద్రం చీటీలాగే, నీలం సిరాతో: సీబీడీ 21.3. టీహెచ్‌సీ 9.9. వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ముట్టకూడదు.